అరుగు మీది మనిషి

ఐదో రోజు. పొద్దున ఎనిమిదింబావు.

వలల బజారు మలుపులో రెండు స్టూళ్ళు. ఒకదాని మీద ఇలియాస్, ఇంకోదాని మీద ఏసోబు. మధ్యలో పదకొండు బొమ్మల పుస్తకాలు. రోడ్డు దాటితే అంకమ్మరావు ఇల్లు. ఇంటి ముందు అరుగు. అరుగు ఖాళీ.

అంకమ్మరావు పద్నాలుగో తారీఖున పోయాడు. మెట్ల మీంచి పడి తల పగిలిందని ముందు చెప్పారు. మధ్యాహ్నానికి అతని తమ్ముడు శ్రీకృష్ణ మాట మార్చాడు. పడలేదు, తోశారన్నాడు. తోసింది ఏసోబు కొడుకు మార్క్ అన్నాడు. నిన్న సాయంత్రం మార్క్‌ను అరెస్టు చేశారు. ఇవాళ నాలుగింటికి మేజిస్ట్రేటు ముందు నిలబెడతారు. అక్కణ్ణుంచి జైలుకే. ఆ తర్వాత ఎన్నేళ్ళో ఎవరూ చెప్పలేరు.

మార్క్ పెళ్ళాం ఫెబా నిన్న రాత్రే ఒంగోలు బస్సెక్కి ఇలియాస్ ఆఫీసుకొచ్చింది. ఇలియాస్ ముప్పై ఏళ్ళు పోలీసు క్లూస్ టీములో పనిచేసి దిగిపోయినవాడు. ఇప్పుడు సొంతంగా డిటెక్టివ్ పని చేసుకుంటున్నాడు. ఫెబా ఎక్కువ మాట్లాడలేదు. "మా మామయ్య బొమ్మలు ఒకసారి చూడండి సార్. పోలీసోళ్ళు చూడమన్నా చూళ్ళేదు" అంది.

ఏసోబు ఒకప్పుడు చీరాల షాపులకు బోర్డులు రాసేవాడు. ఫ్లెక్సీలొచ్చి ఆ పని పోయింది. చెయ్యి మాత్రం ఊరుకోలేదు. నాలుగేళ్ళుగా రోజూ పొద్దున ఈ మలుపులో కూర్చుని, ఎదురుగా ఏముంటే అది పెన్సిల్‌తో గీస్తాడు. చేపల గంప దించుకునే మనిషి, పాల క్యాను, వల ముడి వేసుకునే ముసలాయన. బొమ్మ కింద తారీఖు, మొదలెట్టిన టైము, ఆపిన టైము. బోర్డులు రాసిన చెయ్యి గనక అంకెలు అచ్చుగుద్దినట్టుంటాయి.

"పద్నాలుగో తారీఖుది తియ్యండి" అన్నాడు ఇలియాస్.

ఏసోబు వెతకలేదు. వేలు పెట్టి తెరిచాడు.

ఆరూ ముప్పై ఐదు నుంచి ఏడూ పది.

పేజీ నిండా మిరపకాయ టిక్కీల లారీ. గుంటూరు యార్డుకి పోవాల్సింది దారితప్పి మలుపులో ఇరుక్కుంది. ఒక టిక్కీ గోనె పగిలి కాయలు రోడ్డున పడ్డాయి. బజారంతా బయటికొచ్చి ముక్కులకు గుడ్డలడ్డం పెట్టుకుంది. టీ బంకు చెంచయ్య కళ్ళు నలుపుకుంటున్నాడు. లారీ నంబరు కూడా గీశాడు ఏసోబు.

లారీ వెనక అరుగు. అరుగు మీద అంకమ్మరావు.

ఇలియాస్ ఆ బొమ్మను చాలాసేపు చూశాడు. పేజీ తిప్పాడు. పదిహేను. అరుగు మీద అంకమ్మరావు. పదహారు. అంకమ్మరావు. పదిహేడు. అంకమ్మరావు. ఇవాళ్టిది, పెన్సిల్ పొడి ఇంకా వేలికంటుతోంది. అంకమ్మరావు.

"ఏసోబు గారూ."

"ఆఁ."

"పదిహేనో తారీఖు సాయంత్రం ఆయన్ను కాల్చేశారు."

"నేనూ కాటికి పోయాగా."

"మరి ఈయన్నెందుకు గీశారు?"

"ఉండేది గీస్తా. లేంది గీయను సాయిబు గారూ."

"ఎక్కడున్నాడు?"

ఏసోబు గడ్డం ఎత్తి అరుగు వైపు చూపించాడు. ఇలియాస్ తిరిగి చూశాడు. ఎండ పడుతోంది. అరుగు మీద ఒక టీ గ్లాసు తప్ప ఏమీ లేదు. టీ మీద మీగడ కట్టింది.

"ఆ టీ ఎవరికి?" అని బంకు వైపు అడిగాడు.

చెంచయ్య తల ఎత్తలేదు. "అలవాటండి. ఇరవై ఏళ్ళు పెట్టిన టీ. మొన్న పెట్టకపోతే టీలన్నీ కొలత తప్పి పోశాను. పెట్టాక చెయ్యి కుదిరింది. మీరు తాగమాకండి అది."

ఇలియాస్ మళ్ళీ పుస్తకం పట్టుకున్నాడు. ఈసారి వెనక్కి తిప్పాడు. పదమూడు. పన్నెండు. పదకొండు. తర్వాత ముందుకి. జేబులోంచి భూతద్దం తీశాడు.

పదమూడో తారీఖు దాకా అంకమ్మరావు వీధి వైపు చూస్తూ కూర్చున్నాడు. అరుగు అంచు గీత అతని మోకాలి దాకా వచ్చి ఆగింది. అవతల మళ్ళీ మొదలైంది. ఎదుట మనిషి ఉంటే వెనక గీత కనపడదు గదా.

పదిహేను నుంచి అరుగు గీత ఆగలేదు. మనిషిలోంచే పోయింది. పొట్టలోంచి, చేతుల్లోంచి. ముందు ఖాళీ అరుగు గీసి, తర్వాత దాని మీద మనిషిని గీసినట్టు. ఇంకొకటి. పదిహేను నుంచి అంకమ్మరావు వీధిని చూడటం లేదు. వీపు మనకి పెట్టి, గుమ్మంలోంచి ఇంట్లోకి చూస్తున్నాడు.

పద్నాలుగు తిప్పాడు.

గీత మనిషిలోంచి పోయింది. మొహం ఇంట్లోకి ఉంది.

ఆ రోజు పొద్దున ఏడింటికి అంకమ్మరావు బతికే ఉన్నాడని ఇంటివాళ్ళ మాట. ఎనిమిదింటికి కాఫీ తాగాడట. తొమ్మిదిన్నరకి మార్క్ వచ్చాడట. తొమ్మిదీ నలభైకి మెట్ల కింద శవం.

"ఆ రోజు ఈయన ఎప్పుడొచ్చాడు?"

"అరుగు గీసేశా. ఖాళీగానే ఉంది. లారీ గీశా. తలెత్తితే కూర్చునున్నాడు. చెప్పుల్లేవు. ఎప్పుడూ ఇటు చూసి చెయ్యెత్తేవోడు. ఆ పూట ఎత్తలా." పెన్సిల్ చెక్కుకోవడం మొదలెట్టాడు. "అలిగాడేమో అనుకున్నా."

"ఎందుకలుగుతాడు?"

"ముందురోజు ఆయన తమ్ముడు చేతికందిన పుస్తకం, ఇంకా గీయని కొత్తది, లాక్కుని కాలవలో ఇసిరాడు. ఇంటికి దిష్టి తగుల్తందంట. దాన్ని అడగడానికేగా మావోడు ఆ గుమ్మం కాడికి పోయి అరిసింది. అరిసి వచ్చాడు. లోపలికి పోలా. తలుపే తియ్యలా ఎవరూ."

ఇలియాస్ పదమూడునీ పద్నాలుగునీ పక్కపక్కన పెట్టాడు. ఇంకా ఏదో తేడా ఉంది. కళ్ళకి తగులుతోంది, అందడం లేదు. గుమ్మం అదే. తోరణం అదే. చెప్పుల స్టాండు అదే. రెండు నిమిషాలు పట్టింది. అతని ఇంటి ముందు ముగ్గు ఉండదు. అందుకే అది లేకపోవడం అతనికి ఆలస్యంగా కనపడింది.

"పద్నాలుగున వాకిట్లో ముగ్గు గీయలేదేం?"

"లేదు గనక."

ఇలియాస్ మిగతా పుస్తకాలన్నీ తిరగేసి, పక్కింటావిణ్ణి పిలిచి ముగ్గు సంగతి అడిగాడు.

*

జీపు వచ్చి ఆగింది. సి.ఐ. త్రినాథ్ దిగాడు. నలభై దాటని మనిషి. ఒకప్పుడు ఇలియాస్ దగ్గరే వేలిముద్ర పౌడరు చల్లడం నేర్చుకున్నాడు. ఆ సంగతి గుర్తుచేస్తే ఇష్టపడడు.

"ఏం సాయిబు గారూ, డ్రాయింగు నేర్చుకుంటున్నారా?"

"ఆ రోజు ఐస్ బాక్సు ఎన్నింటికొచ్చింది సార్?"

"పదింబావుకి."

"మీకు కంప్లయింటు?"

"పన్నెండున్నరకి."

"శవాన్ని ముందు ఐసులో పెట్టి, తర్వాత పోలీసుల్ని పిలిచారు. డాక్టరు ఏం రాశాడు?"

త్రినాథ్ మొహం చిట్లించాడు. "ఐసులో ఉంది గనక టైము చెప్పలేనన్నాడు. ఎండాకాలం, ఎవరింట్లో పోయినా ముందు బాక్సుకే ఫోన్ చేస్తారు. తప్పా?"

"తప్పు కాదు. చూడండి." ఇలియాస్ పుస్తకం ఇచ్చాడు.

త్రినాథ్ పద్నాలుగో తారీఖు బొమ్మ చూశాడు. నవ్వాడు. "మీరే నా కేసు గట్టి చేస్తున్నారు. ఆరూ ముప్పై ఐదుకి అరుగు మీద కూర్చునున్నాడు. బతికే ఉన్నాడు. ఇంకేం కావాలి?"

"తిప్పండి."

తిప్పాడు. పదిహేను. పదహారు. నవ్వు ఆగింది. పుస్తకాన్ని స్టూలు మీద పడేశాడు.

"చచ్చినోణ్ణి గీస్తున్నాడు ఈ ముసలాయన! ఇదా మీ సాక్ష్యం? పిచ్చోడి బొమ్మలు పట్టుకుని కోర్టుకొస్తారా?"

"గీత చూడండి. ఆ పూట అరుగు ఖాళీ. ఈ బజార్లో లారీ ఇరుక్కుని, కాయలు రోడ్డున పడి, పసిపిల్లల్తో సహా దగ్గుతూ బయటికొచ్చారు. రోజూ అరుగు మీదుండే మనిషి ఒక్కడే రాలేదు."

"కొడుకుని తప్పించడానికి నిన్న గీసుంటాడు."

"లారీ నంబరుంది. మీ ట్రాఫిక్ కానిస్టేబుల్ ఆరూ నలభై ఐదుకి రాసుకున్న నంబరు అదే. ఇందాకే స్టేషన్‌కి ఫోన్ చేసి కనుక్కున్నాను."

త్రినాథ్ ఒక్క క్షణం తగ్గాడు. వెంటనే గొంతు పెంచాడు. బజారంతా వినపడింది.

"బొమ్మ దానంతటది మాట్లాడదు సాయిబు గారూ! గీసినవాడు బోనెక్కి, ఇది నేను గీశాను, ఫలానా టైముకి గీశాను అని చెప్పాలి. అప్పుడే అది కాగితం. లేకపోతే పొయ్యిలోకి పనికొస్తుంది. ఈయన బోనెక్కి దెయ్యాన్ని చూశానంటాడు. జడ్జిగారు నవ్వుతారు. పాతికేళ్ళ సర్వీసు పరువు పోద్ది మీకు."

"ముప్పై ఏళ్ళు" అన్నాడు ఇలియాస్.

ఎదురింటి గుమ్మంలో శ్రీకృష్ణ నిలబడి ఉన్నాడు. తెల్ల పంచె, భుజాన తుండు. అన్నకి కర్మ చేస్తున్న మనిషి. ఎప్పుడొచ్చాడో ఎవరూ చూడలేదు. రెండు చేతులూ జోడించాడు.

"రండి సార్. ఇల్లు చూడాలంటే చూడండి. మా దగ్గర దాపరికం ఏముంది?"

ఇలియాస్ పద్నాలుగో తారీఖు బొమ్మున్న పుస్తకాన్ని చొక్కా లోపల పెట్టుకున్నాడు. రోడ్డు దాటాడు. అరుగు పక్కనుంచి పోతూ ఎందుకో కొంచెం ఎడంగా నడిచాడు.

తొమ్మిది అయింది.

*

మెట్లు హాల్లోనే. పదమూడు. కింది మెట్టు దగ్గర నేల కడిగి ఉంది. రక్తం మరక చిన్నది, సున్నపు గోడ మీద, జానెడు ఎత్తున. తల పగిలితే చిందిన మరక కాదది. తడిచేత్తో అంటించినట్టుంది. ఇలియాస్ అక్కడ రెండు నిమిషాలు నిలబడ్డాడు.

శ్రీకృష్ణ వెనకే ఉన్నాడు. "ఇక్కడే సార్. ఇక్కడే పడున్నాడు మా అన్న. మీరు చూసుకోండి, నాకు బయట పనుంది" అని వెళ్ళిపోయాడు.

మెట్ల దగ్గర ఏదో లేదు. ఇలియాస్ వంటింటి మీదుగా వెనక వసారాలోకి నడిచాడు. అక్కడుంది.

దీపం.

పళ్ళెంలో బియ్యం, మధ్యలో ప్రమిద. పక్కన నీళ్ళ చెంబు. వసారా మూల, రుబ్బురోలు దగ్గర. రోలు చుట్టూ ఐదు రోజుల దుమ్ముంది. రోలు ఒక్కటీ తళతళలాడుతోంది.

దీపం పక్కన గోడకానుకుని కోటిరత్నం కూర్చుని ఉంది. పోయినవాడి భార్య. యాభై ఐదేళ్ళుంటాయి. పమిట తల మీదికి లాక్కుంది.

ఇలియాస్ చెప్పులు విడిచి, కాస్త దూరంగా నేల మీద కూర్చున్నాడు.

"అమ్మా, నేను పోలీసుని కాను. రెండు ముక్కలడిగి పోతాను."

"అడగండి అన్నయ్యగారూ."

"దీపం ప్రాణం పోయిన చోట గదా పెడతారు?"

ఆమె కళ్ళు దీపం మీదికి పోయాయి.

"మెట్ల దగ్గర నడవడానికి అడ్డమని..."

"హాలు పెద్దది. మంచం వేసినా అడ్డం రాదు."

ఆమె ప్రమిదలో వత్తి ఎగదోసింది.

"పోలీసులకు ఒక చోటు చెప్పారు. ఆయనకు ఇంకో చోట దీపం పెట్టారు. మాకు ఏమైనా చెప్పొచ్చమ్మా. పోయినవాడికి తెలుసు గదా ఎక్కడ పోయాడో."

కోటిరత్నం పమిట కొంగు నోటికడ్డం పెట్టుకుంది. ఏడవలేదు. ఇలియాస్ పుస్తకం తీసి ఆమె ముందు పరిచాడు. పదమూడో తారీఖు.

"ఇది మీ వాకిలి. చుక్కల ముగ్గు. మీరు వేసిందేనా?"

"నేనే."

"ఇది పద్నాలుగు. ముగ్గు లేదు."

"ఆ పూట ఒంట్లో బాగోలేదండి."

"ఫిబ్రవరిలో మీరు గుంటూరు ఆసుపత్రిలో పదకొండు రోజులున్నారు. ఆ పదకొండు రోజులూ మీ వాకిట్లో ముగ్గుంది. ఏసోబు గీశాడు. పక్కింటావిడ వేసిందట. ఇందాక అడిగాను. నాలుగేళ్ళలో ఈ వాకిలి ముగ్గు లేకుండా తెల్లారింది ఒక్క పద్నాలుగున. ఆ తర్వాత రోజులంటే మైల, సరే. పద్నాలుగు పొద్దున ఆరున్నర లోపే ఈ ఇంట్లో ఎవరు పోయారమ్మా?"

వీధి తలుపు చప్పుడైంది. త్రినాథ్ వచ్చి వంటింటి గడపలో నిలబడ్డాడు. ఏదో అనబోయి, ఆమె మొహం చూసి ఆగాడు.

కోటిరత్నం బొమ్మ మీదికి వంగింది. ఆమె ముగ్గు కోసం చూడటం లేదు. వేలు అరుగు మీదికి పోయింది. తగలకుండా ఆగింది.

"ఆయనేనా ఇది?"

"ఆయనే."

"మొహం ఏదండి?"

ఇలియాస్ పుస్తకాన్ని ఆమె వైపు జరిపాడు.

"ఎటు చూస్తున్నారు? చెప్పండి. ఇంట్లోకా?"

"ఇంట్లోకే."

ఆమె నోట్లోంచి వచ్చింది ఏడుపు కాదు. ఐదు రోజులు లోపల బిగబట్టిన ఊపిరి.

"నాకు తెలుసు. నేను తలుపు తియ్యడం మానేశాను. తీస్తే అరుగు మీద ఎవరో ఉన్నట్టే ఉంటది. ఆయన నన్నే చూస్తున్నారు. ఎందుకు చెప్పవే అని."

"ఇప్పుడు చెప్పండి."

చెప్పింది. మెల్లగా, దీపాన్నే చూస్తూ.

"పదమూడు రాత్రి పదకొండింటికండి. ఇల్లు పడగొట్టి అపార్టుమెంటు కడదామని మరిది. సంతకం పెట్టనని ఈయన. ఈ వసారాలోనే. మాటా మాటా పెరిగింది. మరిది తోశాడు. రోలు అంచు తగిలింది. ఇంక లేవలేదు. నాలుగింటికి మరిది వచ్చి అన్నాడు, వదినా, రోజూలాగే చెయ్యి, కళ్ళాపి చల్లు, ముగ్గెయ్యి, ఎవరికీ అనుమానం రాకూడదు అని. రోలు నువ్వే కడిగావు, జైలుకి పోతే ఇద్దరం పోతాం అన్నాడు. కళ్ళాపి చల్లాను. ముగ్గు డబ్బాలో చెయ్యి పెట్టాను. పిండి వేళ్ళ మధ్యకొచ్చింది. వంగాను." ఆమె కుడిచెయ్యి గాల్లో అలాగే ఆగింది. "చుక్క పడలేదండి. లోపల ఆయన్ను పెట్టుకుని వాకిట్లో ముగ్గెట్లా వేస్తాను? డబ్బా మూసి లోపలికొచ్చేశాను. వేశానని మరిదికి అబద్ధం చెప్పాను."

"మార్క్ ఎప్పుడొచ్చాడు?" అని అడిగాడు త్రినాథ్.

"తొమ్మిదిన్నరకి వచ్చి వీధిలో అరిచాడు. తలుపు వెనక మేమిద్దరం ఉన్నాం. ఆ పిల్లాడు లోపల అడుగు పెట్టలేదు. వాడి కేకలు విన్నాకే మరిదికి ఆ ఆలోచన వచ్చింది. ఆయన్ను మెట్ల దగ్గరికి అప్పుడే లాగాం."

త్రినాథ్ టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. తర్వాత ఇలియాస్ వైపు తిరిగాడు.

"ఈవిడ స్టేట్‌మెంటు ఇప్పుడే రాయిస్తాను. మార్క్‌ని నాలుగింటికి మేజిస్ట్రేటు ముందు పెట్టను. కానీ ఈవిడ రేపు భయపడి కాదంటే నా చేతిలో ఉండేది బొమ్మ ఒక్కటే. ముసలాయన కావాలి."

"దెయ్యం సంగతి?"

"గీత సంగతి చెప్తే చాలు. మిగతాది నేను అడగను."

"పిలవండి మరి. ఎదురుగానే ఉన్నాడు."

త్రినాథ్ కదల్లేదు. అతని మొహంలో రంగు పోవడం ఇలియాస్ చూశాడు.

"ఏసోబు ఎక్కడ సార్?"

"మీరు లోపలికి రాగానే శ్రీకృష్ణ నా దగ్గరికొచ్చాడు. వాడరేవులో అస్థికలు కలపాలి, అన్న రోజూ ఈయన ఎదుటే కూర్చునేవాడు, ఆఖరిసారి ఈయన కూడా ఉంటే బాగుంటది అన్నాడు. కన్నీళ్ళు పెట్టుకున్నాడు. నాకూ మంచిదే అనిపించింది. మీ సాక్షి కాసేపు మీకు దొరక్కుండా పోతాడని." టోపీ మళ్ళీ పెట్టుకున్నాడు. "ముసలాయనకు కారు ఎక్కడం రాలేదు. చెయ్యి పట్టి నేనే ఎక్కించాను. డోరు నేనే వేశాను."

"ఎంతసేపైంది?"

"తొమ్మిదీ ఐదుకి బయల్దేరారు."

ఇలియాస్ వాచీ చూశాడు. తొమ్మిదీ నలభై. వాడరేవు ఏడు కిలోమీటర్లు.

కోటిరత్నం గోడ పట్టుకుని లేచి నిలబడింది.

"అస్థికలా?" అంది. "అస్థికలు నిన్ననే కలిపేశామండి. నేనూ వెళ్ళాను. కుండ కూడా అక్కడే పగలగొట్టాం."